ముదిరిన రాత వేరు, పండిన రాత వేరు

విజయనగరం వైపు మామిడి తోటలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాయకి రంగు రావడం వేరు, పండడం వేరు. లేత కాయ తెంపేసి కార్బైడ్ పొట్లం పెట్టి మగ్గేస్తే రెండు మూడు రోజుల్లో పైన పసుపు తిరిగిపోద్ది, కోసి నోట్లో పెట్టుకుంటే టెంక దగ్గర పులుపు అలాగే ఉంటది. కుర్ర రచయితల కథలు, కవితలు చూసేటప్పుడు పెద్దవాళ్ళ చూపు చాలాసార్లు ఆ పైరంగు దగ్గరే ఆగిపోతోంది. "ఈ వయసుకే ఎంత మెచ్యూర్డ్‌గా రాశాడో" అని ఒక మాట అనేసి ప్రైజు ఇచ్చేస్తారు. ఆ మెచ్యూరిటీ అంటే ఏంటి, అది రాసినవాడి వయసు సంగతా, రాతలో ఉన్న కళ సంగతా, రెండూ ఒకటేనా అని విడదీసి చూసేవాళ్ళు తక్కువ. విడదీయకపోవడం వల్ల నష్టపోయేది మాత్రం ఆ పిల్లలే.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మూడు వారాలు దాటగానే సెప్టెంబర్ 21, గురజాడ జయంతి. ఈ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్కూళ్ళలో కాలేజీల్లో వ్యాసాలు, కథలు, కవితల పోటీలు పెడుతుంటారు. వచ్చిన కాయితాలన్నీ కట్ట కట్టి ఒక తెలుగు లెక్చరర్ గారికో ఊళ్ళో పేరున్న రచయితకో ఇస్తే ఆయన సాయంత్రం లోపల ఫస్టు, సెకండు, థర్డు తేల్చేయాలి, మర్నాడు పొద్దున్నే మీటింగు ఉంటది, శాలువాలు మొమెంటోలు రెడీగా ఉంటాయి. అంత తొందరలో చదివేవాళ్ళ కంటికి ముందుగా ఆనేవి మంచి దస్తూరి, పెద్ద పెద్ద సమాసాలు, మొదట్లో ఒక కొటేషను, ఆఖర్న ఒక సందేశం. ఇందులో ఆ జడ్జి తప్పేం లేదు, చేతికిచ్చిన టైమే అంత.

రెండు కాయితాలు ఊహించుకుందాం. ఒకటి "మానవ జీవితం ఒక మహాసముద్రం" అని మొదలవుద్ది, అందులో ఒక రిటైరైన ఉద్యోగి, అమెరికాలో ఉన్న కొడుకు కోసం ఎదురుచూసి ఎదురుచూసి వృద్ధాశ్రమంలో చనిపోతాడు, చివర్లో తల్లిదండ్రుల్ని ప్రేమించండి అని ఉంటది, రాసినవాడికి పదహారేళ్ళు. రెండోది ఉద్దానం పిల్ల రాసింది అనుకుందాం. నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి పలాస వెళ్ళొస్తుంటాడు, రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టర్ గారు కొలత పెట్టారు. కథంతా ఒక స్టీలు గ్లాసు చుట్టూ తిరుగుద్ది, గ్లాసు మీదున్న గీత దాకా పోస్తే ఒక పూటకి, గీత దాటిందా అమ్మ కేకలేస్తది, ఒక మధ్యాహ్నం అమ్మ ఇంట్లో లేనప్పుడు నాన్న ఏం మాట్లాడకుండా గ్లాసు చాపుతాడు, ఈ పిల్ల గీత దాటి పోసేస్తది. అంతే, కథ అయిపోయింది. స్పెల్లింగు తప్పులు ఒక పదున్నాయి, "ఏటి" "నాను" అని ఉంది, పేరాలు లేవు, మధ్యలో ఒకచోట తమ్ముడి పేరు మారిపోయింది.

చాలా పోటీల్లో ఫస్టు ప్రైజు వృద్ధాశ్రమానికే వెళ్ళుద్ది, గ్లాసు కథకి మహా అయితే కన్సొలేషన్. ముసలాయన గురించి రాశాడు కాబట్టి పెద్ద మనసుతో రాశాడు అనిపిస్తది, చావు ఉంది కాబట్టి బరువుంది అనిపిస్తది. కానీ ఆ కుర్రాడు వృద్ధాశ్రమం గడప తొక్కలేదు, ఆ కథ అంతకుముందు చదివిన పాతిక కథల్లోంచీ వాట్సాప్ ఫార్వర్డుల్లోంచీ వచ్చింది. గ్లాసు కథలో ఉన్నది ఇంకెక్కడి నుంచీ రాదు, ప్రేమతో చేసిన పనే హాని చేసే పని అయిపోయిన ఒక్క క్షణాన్ని ఆ పిల్ల పట్టుకుంది, పట్టుకుని దాని మీద ఏ కామెంటూ చేయకుండా వదిలేసింది. వదిలేయడం అనేది ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుసు.

ఇలాంటి కాయితాలు చూసేటప్పుడు మన పాత అలంకార శాస్త్రం, అంటే కావ్యం మంచిచెడ్డలు చెప్పే శాస్త్రం, ఈ రోజుకీ పనికొస్తది, అది పండితులకి మాత్రమే సంబంధించిన సరుకు అనుకుని పక్కన పెట్టేస్తున్నాం గానీ. సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి కావాల్సినవి మూడు కలిపి చెప్పాడు, పుట్టుకతో వచ్చే శక్తి అంటే ప్రతిభ, లోకాన్నీ పుస్తకాల్నీ చూసి సంపాదించే నిపుణత, తెలిసినవాళ్ళ దగ్గర చేసే అభ్యాసం. పదహారేళ్ళ పిల్లకి మొదటిది ఉండొచ్చు, మిగతా రెండూ పూర్తిగా ఉండే వీలే లేదు, దానికి టైము కావాలి. ఆయనకంటే ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఇంకా పనికొచ్చే మాట అన్నాడు, చదువు చాలక వచ్చిన దోషాన్ని కవి శక్తి కప్పేస్తది, శక్తి లేక వచ్చిన దోషం మాత్రం చటుక్కున బయటపడిపోద్ది అని. కుర్రవాళ్ళ రచనలు చూసే ప్రతి జడ్జీ ఈ ఒక్క మాట దగ్గర కాసేపు కూర్చోవాలి. తమ్ముడి పేరు మారిపోవడం, స్పెల్లింగు, పేరాలు, ఇవన్నీ మొదటి రకం తప్పులు, ఒక మంచి మాస్టారు పక్కన కూర్చుంటే రెండు గంటల పని. వృద్ధాశ్రమం కథలో స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు, కానీ ఆ కథకి వచ్చిన జబ్బు రెండో రకం, దాన్ని దిద్దడానికి ఎర్ర పెన్ను సరిపోదు. (అంటే ఆ కుర్రాడికి శక్తి లేదని తీర్పు చెప్పడం కాదిది, వాడి శక్తి ఆ కథలోకి ఇంకా రాలేదు అని మాత్రమే, వాడు తన ఇంటి గురించి రాస్తే ఏం వస్తదో ఎవరికి తెలుసు.)

ఇంకో కొలత కూడా పాతదే. వామనుడనే ఇంకో ఆలంకారికుడు శబ్దపాకం అంటే ఏంటో చెప్తూ, ఒక మాట తీసి దాని బదులు ఇంకో మాట పెడితే ఒప్పుకోని స్థితికి పదాలు చేరడమే పాకం అన్నాడు. దీన్ని ఏ కాయితం మీదైనా ఒక్క నిమిషంలో పరీక్షించొచ్చు. "మానవ జీవితం ఒక మహాసముద్రం" అన్నచోట మహారణ్యం అని పెట్టండి, మహాప్రయాణం అని పెట్టండి, ఏ తేడా రాదు. "గీత దాటి పోసీసినాను" అన్నచోట "ఎక్కువ నీళ్ళు ఇచ్చాను" అని పెడితే కథ కూలిపోద్ది. పాకం కుదిరింది ఎక్కడో దీనితోనే తెలిసిపోతోంది, వయసు అడగక్కర్లేదు, ఏ కాలేజీ అని చూడక్కర్లేదు.

వయసుకీ రాతకీ లింకు లేదని మాత్రం ఎవరూ అనలేరు, ఉంది, గట్టిగానే ఉంది. శ్రీనాథుడు కాశీఖండంలో తన లైఫంతా ఒక సీసపద్యంలో పెట్టేశాడు, చిన్నారి పొన్నారి చిరుత కూకటినాడు మరుత్తరాట్చరిత్ర రాశానని, నూనూగు మీసాల నూత్న యౌవనంలో శాలివాహన సప్తశతి చెప్పానని, నిండు జవ్వనంలో నైషధం, ప్రౌఢ వయసు పరిపాకంలో భీమేశ్వరుడి మహిమ, ఆ తర్వాత ఇదిగో కాశీఖండం అని. ఈడుని బట్టి పుస్తకాలు లెక్కేసుకున్న కవి ఆయన. ఇందులో గమనించాల్సింది, మొదటి రెండు పుస్తకాలూ ఇవాళ మనకి దొరకట్లేదు, నైషధం నుంచే మిగిలింది. కూకటినాడు రాసింది ఎలా ఉండేదో తెలుసుకునే దారి లేదు, అయినా ముసలితనంలో ఆయన దాన్ని దాచుకోలేదు, సిగ్గుపడలేదు, వరసలో మొదట నిలబెట్టాడు.

అన్ని కళల్లోనూ ఈ పక్వం ఒకే స్పీడులో రాదు, ఇది జడ్జీలు తరచూ మర్చిపోయే సంగతి. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు స్టూడెంట్‌గా చేరదామని వెళ్తే, ఆ వాయింపు విని నువ్వు నేర్చుకునేదేంటి నువ్వే నేర్పు అని ఏకంగా వయొలిన్ ప్రొఫెసర్‌గా పెట్టుకున్నారని ఈ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. సంగీతంలో చిన్న వయసులో గొప్పవాళ్ళు కనపడడం కొత్త కాదు, ఎందుకంటే స్వరం, లయ, రాగం వీటికి వాటి లోపలే ఒక లోకం ఉంది, చెవి, చెయ్యి, సాధన ఉంటే పన్నెండేళ్ళ పిల్ల కూడా ఆ లోకంలో పెద్దమనిషిలా తిరగ్గలదు. లిరిక్ కవిత కూడా కొంతవరకు అంతే, ఫ్రెంచి కవి రింబో ఇరవై ఒకటో ఏడు నిండేలోపు కవిత్వం రాయడం చాలించుకున్నాడు, ఇంగ్లీషులో రాసిన బెంగాలీ అమ్మాయి తరు దత్ 1877లో 21 ఏళ్ళకే చనిపోయింది, అయినా ఇద్దరి కవిత్వమూ మిగిలింది. కథ, నవల అలా కుదరవు. వాటి ముడిసరుకు ఇంకొకళ్ళ బతుకు. అప్పు ఎలా పెరుగుద్దో, అన్నదమ్ములు పొలం ఎలా పంచుకుంటారో, పెళ్ళయిన పదేళ్ళకి భార్యాభర్తలు ఏ మాటలు మానేస్తారో తెలియాలి, తెలియడానికి ఏళ్ళు పడతాయి. అందుకే ఒకే మార్కుల షీటుతో పదిహేనేళ్ళ పిల్ల కవితనీ పదిహేనేళ్ళ పిల్లాడి కథనీ కొలవడం సరైన పద్ధతి కాదు.

ఈ నేల మీద పుట్టిన, పెరిగిన రచయితల లెక్కలు చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తది. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టారు. 1883లో, స్టూడెంట్‌గా ఉన్నప్పుడే ఇంగ్లీషులో సారంగధర అనే పద్యకథ రాస్తే అది కలకత్తా దాకా వెళ్ళింది, అక్కడ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుని మళ్ళీ అచ్చేశారు, అచ్చేసి, పరాయి భాషలో ఎంత బాగా రాసినా అది నీది కాదు, నీ భాషలో రాయి అనే అర్థం వచ్చేలా సలహా ఇచ్చారు. ఒక కుర్ర రచయితని జడ్జి చేయడం అంటే అసలు ఇదీ. ఉన్న టాలెంటుని ఉన్నట్టు ఒప్పుకుని, అది తప్పు చోట ఖర్చవుతోందని చెప్పడం. మెచ్చుకుని వదిలేసి ఉంటే విజయనగరంలో ఇంకో ఇంగ్లీషు కవి తయారయ్యేవాడేమో. కన్యాశుల్కం 1892లో స్టేజి ఎక్కింది, 1897లో అచ్చయ్యింది, 1909లో దాదాపు తిరగరాసి రెండోసారి వేశారు, మనం చదివి పడి పడి నవ్వే, గుండె పట్టుకునే కన్యాశుల్కం ఆ రెండోది. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది ఆ తిరగరాతలోనే. అప్పటికి గురజాడ వారికి 47 దరిదాపుల్లో. ఇవాళ సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్ళ లోపు వాళ్ళకి ఇస్తున్నారు, 2011 నుంచి, మంచి పనే, కానీ ఆ లెక్కన చూస్తే కన్యాశుల్కం మొదటి కూర్పు మాత్రమే ఆ గీత లోపల ఉంటది. పన్నెండేళ్ళ తర్వాత తన సొంత పుస్తకం మీద తనే అసంతృప్తి పడి మళ్ళీ మొదటి నుంచీ కూర్చోవడం, పరిపక్వత అనే మాటకి ఇంతకంటే పక్కా రుజువు ఉండదు.

శ్రీశ్రీ కథ ఇంకోలా ఉంటది. విశాఖపట్నంలో 1910లో పుట్టిన ఆయన 1928లో, 18 ఏళ్ళకి ప్రభవ అనే కవితల పుస్తకం అచ్చేశారు, ఛందస్సు చేతిలో ఆడుతోంది, పదాలు దొర్లుకుంటూ వస్తాయి, కానీ ఆ గొంతు అప్పటి భావకవుల దగ్గర అరువు తెచ్చుకున్నది. ఐదారేళ్ళు తిరిగాయో లేదో, 1933, 34 నాటికి ఆయన గొంతు ఆయనది అయిపోయింది, మహాప్రస్థానం గీతాలు అప్పట్లో మొదలయ్యాయి. ఇప్పుడు 1928లో ఒక జడ్జి ముందు ప్రభవ పెట్టి చూడండి. పైపై నునుపు చూస్తే ఫుల్ మార్కులు, కొత్తదనం చూస్తే మామూలు మార్కులు. రెండూ తప్పు కాదు. పద్యం మీద ఆ పట్టు లేకపోతే తర్వాత ఆ పద్యాన్ని బద్దలు కొట్టి కొత్త లయ తెచ్చే ధైర్యమూ వచ్చేది కాదు. అంటే అనుకరణని చూడగానే "కాపీ" అని కొట్టిపారేయడం కూడా పొరపాటే, ఎవరినో ఒకరిని అనుకరించకుండా పెరిగిన రచయిత లేడు, ఎవరి నుంచి తీసుకున్నాడు, ఎంత లోతుగా తీసుకున్నాడు అనేది చూడాలి. వాట్సాప్ నుంచి తీసుకోవడానికీ గొప్ప కవుల నుంచి తీసుకోవడానికీ ఉన్న తేడా ఐదేళ్ళ తర్వాత కనపడుద్ది.

కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు, శ్రీకాకుళం జిల్లా మురపాక, 1924లో పుట్టారు. కుర్రతనం నుంచే కథలు రాశారు, మధ్యలో కొన్నేళ్ళు ఆపేశారు, ఆపేసి మళ్ళీ వచ్చి 1964లో యజ్ఞం రాశారు, నలభై దగ్గర పడ్డ వయసు. ఆ ఆపేసిన ఏళ్ళని ఏ పోటీలోనూ లెక్కలోకి తీసుకోలేం, కానీ అవి లేకుండా యజ్ఞం లేదు. ఆ కథలో శ్రీరాములునాయుడిని చూడండి, చేతిలో కొరడా పట్టుకున్న దుర్మార్గుడైన భూస్వామి కాదు, గాంధీ గారి దారిలో నడిచే పెద్దమనిషి, ఊరు బాగుపడాలనుకున్నవాడు, న్యాయం మాట్లాడేవాడు. అలాంటి న్యాయమే అప్పల్రాముడి కుటుంబాన్ని ఎక్కడికి నెట్టిందో అన్నదే కథ. ఎదుటి పక్షం మనిషికి కూడా వాడి మాట వాడు చెప్పుకునే చోటు ఇవ్వడం, ఇది వయసుతో వచ్చే పక్వం, దీన్ని కుర్రవాళ్ళ రాతల్లో వెతకొచ్చు, వెతికితే అక్కడక్కడ దొరుకుద్ది కూడా. తాగొచ్చి కొట్టే నాన్న గురించి ఇంటర్ పిల్లాడు కథ రాస్తే, పది పేజీల కోపం మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం, ఆ నాన్న పొద్దున్నే లేచి సైకిల్ గొలుసుకి నూనె వేసి పిల్లాడి స్కూలు బ్యాగు హ్యాండిల్‌కి తగిలించి పెట్టాడు అని ఉంటే, జడ్జి అక్కడ పెన్ను పక్కన పెట్టి ఆగాలి. ఎందుకంటే ఆ వాక్యం ఆ పిల్లాడి కోపానికి అడ్డం వస్తది, అయినా రాశాడు.

చాసో, అంటే కథకుడు చాగంటి సోమయాజులు గారి దగ్గర ఇంకో పాఠం. 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన మనిషి, మొదటి కథ చిన్నాజీ 1942లో వచ్చింది, అంటే 27 ఏళ్ళకి. జీవితం మొత్తమ్మీద రాసినవి తక్కువే. వాయులీనంలో జబ్బు పడ్డ భార్యని బతికించుకోవడానికి ఆమె ఫిడేలు అమ్మేయాల్సి వస్తది, కథ ఎక్కడా గొంతెత్తి ఏడవదు. కుర్ర రచయితలకి ఏడుపు మీద నమ్మకం ఎక్కువ, పాఠకుడు ఎక్కడ గమనించడో అని భయం, అందుకే "కన్నీళ్ళు జలజలా రాలాయి" అని మూడుసార్లు రాస్తారు. ఇది దిద్దుకోగలిగిన తప్పు, ఆ భయం పోతే ఆ వాక్యాలు వాటంతటవే రాలిపోతాయి.

ఇక భాష దగ్గరకొస్తే, ఇక్కడ మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ గొడవ వందేళ్ళ కిందటిది, చేసినవాళ్ళు మనవాళ్ళే. మద్రాసు ప్రెసిడెన్సీలో పిల్లలు పరీక్షల్లో రాసే కాంపోజిషన్ ఏ తెలుగులో ఉండాలి అన్న దగ్గరే వ్యావహారిక, గ్రాంథిక వాదాలు కత్తులు దూసుకున్నాయి. యూనివర్సిటీ వేసిన కమిటీలో మెజారిటీ గ్రాంథికం వైపు ఉంటే గురజాడ వారు ఒప్పుకోక 1914లో తన అసమ్మతి పత్రం విడిగా రాసిచ్చారు, ఆరోగ్యం బాగాలేని రోజుల్లో, మరుసటి సంవత్సరం 1915లోనే ఆయన పోయారు. గిడుగు వారైతే తన జీవితమే దీనికి పెట్టేశారు. వాళ్ళిద్దరూ కొట్లాడింది పెద్ద కవుల కోసం కాదు, పరీక్ష రాసే కుర్రవాళ్ళ కోసం, తనకి రాని భాషలో రాయమంటే పిల్లాడు ఆలోచించడం మానేసి మాటలు పేర్చుకుంటాడు అన్నదే అందులో అసలు పాయింటు. అలాంటిది వాళ్ళ జయంతి నాడు పెట్టిన పోటీలోనే "బేగి రండి" అని రాసిన పిల్ల కాయితం మీద ఎర్ర గీత పెట్టి "త్వరగా రండి" అని దిద్దుతున్నారంటే బాధ కలుగుద్ది. బేగి అనే మాటలో ఆ ఇంటి కంగారు ఉంది, త్వరగా అన్నదాంట్లో నోటీసు బోర్డు ఉంది. యాస ఉన్నంత మాత్రాన కథ గొప్పదైపోదు, అది ఇంకో వైపు పొరపాటు, ప్రతి లైన్లోనూ కావాలని యాస కుమ్మరించి పాత్రల్ని కామెడీ చేసేవాళ్ళూ ఉన్నారు. మాట ఆ మనిషి నోట్లోంచి వచ్చిందా, బయట నుంచి అతికించారా అన్నదొక్కటే పరీక్ష.

సీతంపేట వైపు పిల్లల సంగతి ఇంకా సున్నితం. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. అక్కడ చాలామంది సవర పిల్లలకి ఇంట్లో భాష సవర, తెలుగు బళ్ళో నేర్చుకున్నది. గిడుగు వారు ఆ భాషని కష్టపడి నేర్చుకుని సవర వ్యాకరణం 1931లో తెచ్చారు, తర్వాత నిఘంటువు. ఆ పిల్లాడు తెలుగులో రాసిన కథలో విభక్తి తప్పిందనుకోండి, అది తెలివితక్కువతనం కాదు, రెండు భాషల మధ్య దాటుతూ రాస్తున్నాడని అర్థం. ఆ పిల్లాడు వాక్యం కట్టిన తీరులో తెలుగువాళ్ళకి తోచని ఒక పోలిక దొరకొచ్చు, దిద్దే చెయ్యి దాన్ని కూడా తుడిచేసే ప్రమాదం ఉంది.

అమ్మాయిల రాతల్ని చూసేటప్పుడు ఇంకో రకం అన్యాయం జరుగుద్ది, దీని గురించి బయటికి మాట్లాడడం తక్కువ. పంతొమ్మిదేళ్ళ అబ్బాయి ప్రేమ కవిత రాస్తే కవిత అంటారు, అదే వయసు అమ్మాయి రాస్తే "ఎవరి గురించి రాసిందీ" అంటారు. అత్తింటి కష్టం గురించి పెళ్ళికాని పిల్ల రాస్తే నీకెలా తెలుసు అంటారు, పక్కింట్లో అక్క బతుకు రోజూ చూస్తోంది కాబట్టి తెలుసు. ఈ ప్రశ్నలకి భయపడి బాగా రాసే ఆడపిల్లలు పక్షుల మీద, వాన మీద, అమ్మ మీద రాసుకుంటూ ఉండిపోతారు, అప్పుడు మళ్ళీ "సబ్జెక్టులో డెప్త్ లేదు" అని అదే జడ్జీలు అంటారు. రాసిన మనిషి బతుకుని పక్కన పెట్టి రాసిన కాయితాన్ని మాత్రమే చదవడం నేర్చుకోకపోతే ఎవరి పరిపక్వతనీ కొలిచే అర్హత ఉండదు. పాత ఆలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభని రెండుగా చెప్పాడు, రాసేవాడిది కారయిత్రి, చదివేవాడిది భావయిత్రి. రెండోది లేకపోతే కవి పడ్డ శ్రమ కాయకుండానే పోద్ది. పోటీల్లో మనం పిల్లల దగ్గర మొదటిది వెతుకుతున్నాం గానీ జడ్జీల దగ్గర రెండోది ఉందో లేదో ఎవరూ అడగట్లేదు.

ముద్దు చేయడం కూడా హానే. "చిన్నపిల్లాడు కదా, ఈ మాత్రం రాశాడు చాలు" అనడంలో ప్రేమ ఉంది, కానీ ఆ ప్రేమ పిల్లాడి రాతని సీరియస్‌గా తీసుకోలేదని చెప్తోంది. ఇంజనీరింగ్ సెకండియర్‌లోనే సొంత డబ్బుతో కవితల పుస్తకం వేయించుకుని, ఆవిష్కరణ సభలో ఐదుగురు వక్తలు ఆకాశానికెత్తేస్తే, ఆ కుర్రాడికి తిరగరాయాలనే ఆలోచన ఇక ఎందుకొస్తది. ఫేస్‌బుక్ లైకులు కూడా అంతే, పెట్టిన పది నిమిషాలకి "సూపర్ తమ్ముడూ" అని వచ్చేస్తే ఆ కవిత అక్కడితో గడ్డకట్టేస్తది. నిజంగా ఆ పిల్లాడి మీద ప్రేమ ఉన్నవాళ్ళు చేయాల్సింది, ఫలానా మూడో లైను బాగుంది, ఐదోది ఎందుకుందో అర్థం కాలేదు అని చెప్పడం. అంత వివరంగా చెప్పేవాళ్ళు ఒక్కరు దొరికినా ఆ కుర్రాడి దశ తిరుగుద్ది.

ఆచరణలో ఏం చేయొచ్చు అంటే పెద్ద కష్టమైనవేం కాదు. పేరు, క్లాసు, కాలేజీ మూసేసి చదవడం. ఒక సాయంత్రం కాకుండా వారం ఇవ్వడం, ఒకసారి చదివి పక్కన పడేసి మూడో రోజు ఏ కథ గుర్తుంది అని చూసుకోవడం, గ్లాసు గుర్తుంటది, మహాసముద్రం గుర్తుండదు. ఆఖరి పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి చదవడం మంచి పద్ధతి, కుర్రవాళ్ళ కథల్లో సగం కథలు ఆఖరి పేరా కంటే ముందే అయిపోతాయి, "ఇందులో సందేశం ఏటి" అని బళ్ళో అడుగుతారు కాబట్టి ఆ పేరా తర్వాత అతికించి ఉంటది. పైకి చదివించడం ఇంకో దారి. గుజరాత్ వెరావల్‌కి వేటకెళ్ళిపోయిన నాన్న గురించి మత్స్యలేశం వైపు పిల్లాడు రాసింది వాడి నోటితో వాడే చదివితే, ఎక్కడ గొంతు సొంతమో ఎక్కడ మాస్టారు రాసిపెట్టిందో ఒక నిమిషంలో తెలిసిపోద్ది, ఇప్పుడైతే ఫోన్లో ఏఐ రాసిపెట్టింది కూడా. ఇంకా ఒకటి, ఫైనల్‌కి వచ్చిన నలుగురైదుగుర్ని కూర్చోబెట్టి ఇందులోంచి ఏం తీసేశావు అని అడగడం. ఏం తీయలేదు అన్నవాళ్ళకి రాత ఇంకా మొదలవ్వాలి. ఒకచోట రాసి కొట్టేశానండీ, అక్కడ అబద్ధం అనిపించింది అని ఎవరైనా అంటే ఆ పిల్లకి ప్రైజు రాకపోయినా పేరు రాసి పెట్టుకోవాలి.

వీటన్నిటికీ ఒక మంచి ట్రైనింగ్ సెంటర్ మన దగ్గరే ఉంది. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలి అన్న పట్టుదలతో పాత పత్రికలు, సంపుటాలు పోగుచేశారు, 2021లో పోయేదాకా అదే పని. ఇది గొప్పది ఇది కాదు అని ముందే ఏరేసి ఉంటే ఆ పని ఇంకా సులువయ్యేది, ఆయన ఏరలేదు. అందుకే అక్కడ పెద్ద రచయితల తొలి కథలు, తడబడ్డ కథలు, ఎవరికీ గుర్తులేనివాళ్ళ ఒకే ఒక్క కథ కూడా వెతుక్కోవచ్చు. పోటీలకి జడ్జిగా వెళ్ళేవాళ్ళు, తెలుగు చెప్పే మాస్టార్లు ఒక ఆదివారం అక్కడ కూర్చుని, తమకి ఇష్టమైన ఒక రచయిత మొదటి కథ, పదో కథ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మొదటి కథ చదివేటప్పుడు రచయిత పేరు మర్చిపోయి, ఇది మొన్న వచ్చిన కట్టలో ఇంటర్ కుర్రాడి కాయితం అనుకుని, దానికి తాము ఎన్ని మార్కులు వేసేవాళ్ళో ఒక ముక్క మీద రాసుకుని, ఆ తర్వాత పదో కథ తెరవాలి.